సొంత రాష్ట్రంలో దొరకని టీచరుద్యోగం

1927. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊరు. టీచర్ల కాలేజీలోంచి డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది మెర్జ్ టేట్. ఇరవై రెండేళ్ల పిల్ల. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ అందుకున్న తొలి నల్లజాతి విద్యార్థి ఆమే. మార్కుల్లోనూ అందరికన్నా ముందే. అయినా ఒక్క హైస్కూలూ రమ్మనలేదు. నల్లవాళ్లకు అక్కడ టీచరు కుర్చీ లేదు!

పక్క రాష్ట్రానికి రైలెక్కక తప్పలేదు. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లల్ని విడిగా ఉంచడానికే కట్టిన క్రిస్పస్ అటక్స్ హైస్కూలు అదే ఏడు తెరిచారు. అక్కడ చరిత్ర చెప్పింది. ట్రావెల్ క్లబ్ పెట్టి పిల్లల్ని వాషింగ్టన్ దాకా తిప్పింది. ఉద్యోగం చేస్తూనే కొలంబియా యూనివర్సిటీలో ఎం.ఏ. పూర్తిచేసింది.

1932లో ఓడెక్కి ఆక్స్‌ఫర్డ్ చేరింది. సైకిలు మీద ఆ వీధుల్లో తిరిగింది. పరిశోధనకు తీసుకున్న అంశం నిరాయుధీకరణ. ఆ ఏడే జెనీవాలో దేశాలన్నీ ఆయుధాలు తగ్గించుకుందామని కూర్చున్నాయి. మరుసటి ఏడు హిట్లర్ జర్మనీ లేచి వెళ్లిపోయింది. చదువుతున్న విషయమే కళ్లముందు కూలిపోతుంటే ఆ అమ్మాయి కలం ఆపలేదు. 1935లో ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ, 1941లో హార్వర్డ్ అనుబంధ మహిళా కాలేజీ రాడ్‌క్లిఫ్ నుంచి డాక్టరేట్.

1942లో, ప్రపంచం తగలబడుతుండగా, ఆమె పుస్తకం ‘ది డిజార్మమెంట్ ఇల్యూజన్’ వచ్చింది. 1907 దాకా జరిగిన ప్రయత్నాలన్నీ తవ్వి తీసి ఆమె తేల్చింది ఇదీ: ఆయుధాల తగ్గింపు కూడికలు, తీసివేతల లెక్క కాదు. ఉన్న ఏర్పాటు లాభించిన దేశం తగ్గిద్దామంటుంది. తనకు అన్యాయం జరిగిందనుకునే దేశం ససేమిరా అంటుంది. ఆ తగవు తీరందే తుపాకి దిగదు. నేటి యుద్ధ వార్తలు చదువుతుంటే నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఆ ఏడే హోవర్డ్ యూనివర్సిటీలో చేరి 1977 దాకా పాఠం చెప్పింది. మధ్యలో 1950-51లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌గా మన దేశానికొచ్చి శాంతినికేతన్‌లో బోధించింది. 1996లో కన్నుమూసింది.

మోర్గెంథావ్ పేరు వినని పొలిటికల్ సైన్స్ విద్యార్థి మన దగ్గర ఉండడు. దేశాల మధ్య రాజకీయాల మీద ఆయన పేరుమోసిన గ్రంథం వచ్చింది 1948లో. టేట్ పుస్తకం అంతకు ఆరేళ్లు ముందుది. సిలబస్ రాసే మాస్టార్లూ, ఈసారి ఆమె పేరు కూడా చేర్చండి.