సంతకం ఒకరిది, రాత ఇంకొకరిది

మా ఊరు చిట్టమూరు నుంచి ఫోన్ వస్తే, వానలూ వరికోతలూ అయ్యాక ఈమధ్య అందరూ అడిగేది ఒకటే. "ఈ ట్రంప్ దిగిపోతే మన పిలకాయలకి వీసాలు మళ్ళా మామూలుగా వస్తాయా?" రొయ్యల గుంటల మీద అప్పు తెచ్చి కొడుకుని ఎమ్మెస్‌కి పంపిన అన్న అడుగుతాడు. కూతురికి హెచ్‌-1బీ లాటరీ తగల్లేదని దిగులు పడే అక్క అడుగుతుంది. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను. నేనుంటున్న ఈ అమెరికా వలస చట్టాల కథను అధ్యక్షుల పేర్లతోనే చదివితే సగమే అర్థమవుతుంది. ఆ కాగితాలు రాసి అధ్యక్షుల ముందు పెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఎవరూ ఓటు వెయ్యలేదు.

వందేళ్ళు వెనక్కి వెళ్దాం. 1920లో అమెరికా దిగువసభ వలసల కమిటీ ఛైర్మన్ ఆల్బర్ట్ జాన్సన్, హ్యారీ లాఫ్లిన్ అనే ఆయన్ని కమిటీకి యూజెనిక్స్ నిపుణుడిగా నియమించాడు. కొన్ని జాతుల రక్తమే నాసిరకమని చెప్పే నమ్మకం అప్పట్లో యూజెనిక్స్ అనే శాస్త్రంగా చెలామణి అయింది. పిచ్చాసుపత్రుల్లో, జైళ్ళలో ఉన్నవాళ్ళు ఏ దేశాల నుంచి వచ్చారో లాఫ్లిన్ లెక్క తీశాడు. దక్షిణ, తూర్పు ఐరోపా నుంచి వచ్చేవాళ్ళు దేశానికి చేటు అని తేల్చాడు. హెర్బర్ట్ జెన్నింగ్స్ అనే జీవశాస్త్రవేత్త ఆ లెక్కల్లో తప్పులు పట్టి చూపించాడు. కమిటీ పట్టించుకోలేదు. వాళ్ళు అప్పటికే నమ్మినదానికి లాఫ్లిన్ అంకెలు తెచ్చి ఇచ్చాడు, అంతే కావాల్సింది.

ఇంకొకాయన జాన్ ట్రెవర్, న్యూయార్క్ లాయరు. ఏ పదవికీ ఎన్నిక కాలేదు, కానీ జాన్సన్‌కి దగ్గరివాడు. ఏ దేశం నుంచి ఎందరిని రానివ్వాలో 1890 జనాభా లెక్కల ప్రకారం తేల్చడమే న్యాయమని చూపే పట్టికలు తయారుచేసి కమిటీకి అందించాడు. 1890 ఎందుకంటే, ఇటాలియన్లూ తూర్పు ఐరోపా యూదులూ ఎక్కువమంది వచ్చింది ఆ తర్వాతే. ఆ లెక్కలో ఒక్కో దేశం వాళ్ళు ఎందరుంటే అందులో రెండు శాతం మందికే ఏటా అనుమతి. ఆ లెక్కతో వచ్చిన చట్టం మీద 1924 మే 26న అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం పెట్టాడు. ఏడాదికి 42,057గా ఉన్న ఇటలీ కోటా 3,845కి పడిపోయింది. విదేశంలోని కాన్సులేట్ ముందు నిలబడి, అధికారి అడిగినదానికి జవాబు చెప్పి, వీసా ముద్ర వేయించుకున్నాకే ఓడెక్కాలన్న పద్ధతి కూడా ఆ చట్టంతోనే గట్టిపడింది. మన పిల్లలు ఇవాళ నిలబడే వరస అదే.

మనవాళ్ళకు రెండు శాతం కూడా లేదు. 1917 చట్టమే ఇండియాను నిషేధిత మండలంలో వేసింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో చదువుకున్నది సరిగ్గా ఈ రోజుల్లోనే. చదువుకి వచ్చేవాళ్ళకి దారి ఉండేది, స్థిరపడేవాళ్ళకి లేదు. ఆయన పరిశోధన బృందాల నుంచి వచ్చిన మందులు కేన్సర్ వైద్యాన్నే మార్చాయి. ఆయన మాత్రం 1948లో చనిపోయేదాకా ఈ దేశానికి విదేశీయుడే. భారతీయులకు పౌరసత్వం, ఏడాదికి 100 మంది కోటా వచ్చింది 1946లో. నూరు మంది! ఇక్కడ తెలుగు సంఘాల పండగల్లో ఆయన పేరు గర్వంగా తలుచుకుంటాం. ఆ పేరు పక్కనే ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలని నా కోరిక.

1924 చట్టం అసలు ప్రాణాలు తీసింది పదిహేనేళ్ళ తర్వాత. 1939లో జర్మనీ నుంచి 20,000 మంది పిల్లల్ని కోటాతో సంబంధం లేకుండా తీసుకుందామని సెనేటర్ వాగ్నర్, ప్రతినిధి ఎడిత్ రోజర్స్ బిల్లు పెట్టారు. దాన్ని అడ్డుకోవడానికి కదిలిన సంఘాల ముందువరసలో ఉన్నది ఆ జాన్ ట్రెవరే. బిల్లు ఓటింగు దాకా కూడా రాలేదు. ఆ ఏడాదే నాజీల నుంచి తప్పించుకుని 937 మంది ప్రయాణికులతో వచ్చిన సెయింట్ లూయిస్ ఓడ, ఇక్కడ దిగనివ్వకపోవడంతో, ఐరోపాకి తిరిగి వెళ్ళింది. వాళ్ళలో 254 మంది నాజీల చేతిలో పోయారు. మరుసటి ఏడాది, వీసాల విభాగం చూసే విదేశాంగశాఖ సహాయ కార్యదర్శి బ్రెకిన్‌రిడ్జ్ లాంగ్ ఒక మెమో రాశాడు. చట్టం మార్చక్కర్లేదు, కాన్సులేట్లు అడ్డంకి మీద అడ్డంకి పెడుతూ వాయిదా వేస్తూ పోతే చాలు అన్నది దాని సారాంశం. ఉన్న కోటా కూడా నిండకుండా పోయింది.

ఇలాంటి కథలో నాకు ధైర్యం ఇచ్చే పేరు జొసాయా డుబోయ్. ఖజానా శాఖలో 31 ఏళ్ళ లాయరు. యూదుల హత్యల సమాచారాన్ని విదేశాంగశాఖ తొక్కిపట్టిందనీ, రక్షించే ప్రయత్నాలకు అడ్డం పడిందనీ కాగితాలు సేకరించి, 1944 జనవరిలో తన మంత్రి మోర్గెంథోకి నివేదిక ఇచ్చాడు. మోర్గెంథో దాన్ని అధ్యక్షుడు రూజ్వెల్ట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. జనవరి 22న యుద్ధ శరణార్థుల బోర్డు ఏర్పడింది. అప్పటికి లక్షల మంది చనిపోయారు, నిజమే. కానీ ఆ బోర్డు వల్ల బతికినవాళ్ళూ వేలల్లో ఉన్నారు. డుబోయ్‌కీ ఎవరూ ఓటు వెయ్యలేదు.

ఆ కోటాలు పోయింది 1965లో. 1924లో కొత్త సభ్యుడిగా ఆ చట్టాన్ని వ్యతిరేకించిన ఇమాన్యుయేల్ సెల్లర్, 41 ఏళ్ళ తర్వాత తన పేరు మీద వచ్చిన చట్టంతో దాన్ని తీసేయించాడు. మన డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చింది ఆ తలుపులోంచే.

ఇక ఇప్పటి సంగతి. వలసల విషయంలో ట్రంప్ వెనక ఉన్న మనిషి స్టీఫెన్ మిల్లర్. సెనేటర్ జెఫ్ సెషన్స్ దగ్గర సహాయకుడిగా పనిచేసి 2017లో వైట్‌హౌస్‌కి వచ్చాడు. ఆయన అంతకుముందు రాసిన ఈమెయిళ్ళు 2019లో బయటపడ్డాయి. వాటిలో కూలిడ్జ్ కాలపు వలస చట్టాన్ని మెచ్చుకున్నాడు. ఆయన తల్లి తరఫు పెద్దలు 1903లో ఇప్పటి బెలారూస్ ప్రాంతం నుంచి, యూదుల మీద దాడులు తప్పించుకుని వచ్చినవాళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా ఆలస్యమై ఉంటే 1924 చట్టం వాళ్ళనీ ఆపేది. ఇలాంటి మాటే 2018లో బహిరంగంగా రాసింది మిల్లర్ సొంత మేనమామే.

మిల్లర్‌కి ట్రెవర్ లాగా కాంగ్రెస్ కమిటీని ఒప్పించే పని కూడా పెద్దగా లేకపోయింది. 1952 చట్టంలో ఒక సెక్షన్ ఉంది, దేశానికి హాని అనిపిస్తే విదేశీయుల ప్రవేశాన్ని అధ్యక్షుడు ఆపొచ్చు. 1980 చట్టం ప్రకారం శరణార్థుల సంఖ్యను, కాంగ్రెస్‌తో సంప్రదించాక, అధ్యక్షుడే ఏటా నిర్ణయిస్తాడు. ఒక సలహాదారు, ఒక సంతకం చాలు. ఆ సంఖ్య 2018కి 45,000, 2021కి 15,000 అయింది. బైడెన్ వచ్చాక 1,25,000కి పెరిగింది. 2026కి 7,500 అన్నారు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టిన ప్రకటన కూడా ఆ 1952 సెక్షన్ ఆధారంగా వచ్చిందే. మన ఊరి పిల్లవాడి ఉద్యోగమూ, ఎక్కడో శిబిరంలో ఉన్న కాంగో కుటుంబమూ ఒకే అధికారం కింద లేకపోయినా, ఒకే గదిలో తీసుకునే నిర్ణయాల కింద ఉన్నాయి. వాళ్ళు వేరు, మనం చదువుకుని వచ్చినవాళ్ళం అని మనవాళ్ళు అంటుంటే నాకు బాధేస్తుంది. 1923లో పౌరసత్వం దగ్గరికి వచ్చేసరికి సుబ్బారావు గారిని కూడా చట్టం అలా వేరుచేసి చూడలేదు.

అయితే అన్నీ ఒక్క సంతకంతో పోవు. కొందరు హెచ్‌-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పనిచేసే అనుమతి 2015లో ఒక నిబంధనగా వచ్చింది. నిబంధనను తీసేయాలంటే ముసాయిదా ప్రచురించాలి, జనం అభిప్రాయాలు వినాలి, వాటికి జవాబు చెప్పాలి. మొదటిసారి వచ్చిన ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తామని 2017 నుంచీ చెబుతూనే ఉంది. ముసాయిదా బయటికి రాకుండానే వాళ్ళ గడువు ముగిసింది, 2021 జనవరిలో తర్వాతి ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. అందుకే ఫోన్‌లో అన్నకి చెప్పేది ఇదే: వార్తల్లో కొత్త కట్టడి అనగానే, అది చట్టమా, నిబంధనా, ప్రకటనా అని ముందు అడుగు. ఎన్నాళ్ళుంటుందో, ఎవరిని నిలదీయాలో దాన్నిబట్టి తెలుస్తుంది.