రాగిరేకుల్లో మిగిలిన పాట

తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) రాసిన కీర్తనలు 32 వేలని ప్రతీతి. నేటికి దొరికినవి సుమారు 14 వేలు. తాటాకుకు చెద, తేమ రెండూ గండాలే. కొడుకు పెదతిరుమలాచార్యులు ఆ కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించాడు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో ఉండేవి.

ఆ తర్వాత చాలాకాలం వాటిని పట్టించుకున్నవారు లేరు. 1816 నాటి తన తెలుగు వ్యాకరణంలో క్యాంప్‌బెల్ దొర వీటిని ప్రస్తావించాడు. వ్యాకరణ గ్రంథం కోసం వెతికితే దొరికినవి దేవుడి పాటలు! పాపం, ఆయనకు కావలసింది వేరు.

1920ల్లో దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి రేకుల విలువ గుర్తించాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పరిష్కరణకు పూనుకున్నారు. రేకు మీద పాట పైన రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి కొన్నింటికి కొత్తగా వరుసలు కట్టాడు.

దాచినది నిలవాలంటే ఒక్క జాగ్రత్త చాలదు. ఒకే సమాచారాన్ని జంట డిస్కుల్లో రాసే రైడ్ పద్ధతి సర్వర్‌ను ఇప్పుడు ఇంట్లో పెట్టుకునేవారిదీ ఇదే చిక్కు. 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్రతిపాదించిన ఆ పద్ధతి డిస్కు పాడైతే ఆదుకుంటుంది. పొరపాటున ఫైలు చెరిపేస్తే జంట డిస్కులోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. విడిగా మరోచోట ప్రతి ఉండాల్సిందే. తాళ్లపాకవారి రేకులు కొన్ని అహోబిలంలోనూ దొరికాయి.