వంటింటి కిటికీకి వెలుగు ఎప్పుడొచ్చింది?

ఉగాది ఇంకో వారం ఉందనగా మనందరి ఇళ్లలో ఒకటే హడావిడి. బూజులు దులపడం, పరుపులు ఎండలో వేయడం, డబ్బాలు కడగడం. అన్నీ అయ్యాక చివరికి మిగిలేవి కిటికీలు. మెష్‌లో ఇరుక్కున్న దుమ్ము, అద్దాల మీద బోరునీళ్ల తెల్లమరకలు, వంటింటి కిటికీకైతే పోపు జిడ్డు. అసలు ఈ అద్దాలు తుడిచే పని మనకి ఎప్పుడు అంటుకుందో ఆలోచించారా? మా అమ్మమ్మకి ఈ పని లేదు. ఆవిడ ఇంటి కిటికీలకి అద్దాలే లేవు.

మాటల్లోనే సగం చరిత్ర ఉంది. సంస్కృతంలో వాతాయనం అంటే గాలి వచ్చే దారి. గవాక్షం అంటే ఆవు కన్ను. ఇంగ్లీషు విండో కూడా పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’ అనే మాట నుంచే పుట్టింది. మన కిటికీకి హిందీ ఖిడ్కీ, కన్నడ కిటకి దగ్గర చుట్టాలు. ఎక్కడ చూసినా కిటికీ ముందు గాలి కోసమే తప్ప అద్దం కోసం కాదు.

మన పాత మండువా లోగిళ్లలో వెలుగు నడిమి వాకిలి నుంచి వచ్చేది. వీధి వైపు కిటికీలు చిన్నవి. నిలువు ఇనప ఊచలు, చెక్క రెక్కలు. కింది రెక్కలు మూసి పై రెక్కలు తీస్తే గాలి వస్తుంది, లోపలి ఆడవాళ్లు బయటికి కనబడరు. ఉగాదికి ఊచలు తడిగుడ్డతో తుడిచి, కిర్రుమనే బందులకి చుక్క ఆముదం వేస్తే పని అయిపోయేది.

చలి దేశాల సంగతి వేరు. గాలి రాకూడదు, వెలుగు కావాలి. అందుకే వాళ్లకి గాజు అవసరమైంది. చలికాలమంతా తలుపులు బిగించుకుని బొగ్గు కాలిస్తే ఆ మసి అద్దాల మీదే పేరుకునేది. ఎండ రాగానే అన్నీ తెరిచి కడుక్కునేవారు. వాళ్ల వసంతకాలపు శుభ్రత అలా వచ్చింది. ఇరాన్‌లోనూ నౌరోజ్ ముందు ఇల్లంతా దులుపుతారు. దాన్ని ‘ఇల్లు కుదపడం’ అంటారట. మన ఉగాది పనికి ఎంత దగ్గరి పేరో చూడండి.

ఆ వెలుగు కూడా అందరికీ దక్కలేదు. ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్ను వేశారు. పది కిటికీలు దాటితే అదనంగా కట్టాలి. పన్ను తప్పించుకోవడానికి ఇంటి యజమానులు కిటికీలు ఇటుకలతో మూసేశారు. అద్దెకున్న పేదవాళ్లు చీకట్లో, గాలాడని గదుల్లో బతికారు. ఇది జబ్బులు తెచ్చే పన్నని డాక్టర్లు మొత్తుకున్నారు. గాజు మీద సుంకం 1845లో, కిటికీ పన్ను 1851లో పోయాయి. అదే 1851లో లండన్‌లో దాదాపు 3 లక్షల అద్దాలతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టారు.

మనం ఇప్పుడు తుడిచే నున్నటి అద్దం ఇంకా కొత్తది. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేల్చి పలకలా చేసే పద్ధతిని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. అంతకుముందు రోజుల్లో మామూలు కిటికీ అద్దంలోంచి చూస్తే అవతలి మనిషి కాస్త వంకరగా కనబడేవాడు.

ఇంత చరిత్రలో వంటింటి కిటికీ ఎక్కడుంది? మా అమ్మమ్మ వంటిల్లు ఇంటి వెనక చివర ఉండేది. చేతికందని ఎత్తులో ఓ చిన్న కిటికీ, మసితో నల్లబడ్డ రెక్కలు. ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకోవడమే ఆవిడ నాకు బాగా గుర్తున్న రూపం. ఇల్లంతా శుభ్రం చేసే మనిషి రోజులో ఎక్కువ భాగం గడిపేది అన్నిటికంటే చీకటి గదిలో.

ఈ విషయం ఆలోచించిన ఆర్కిటెక్టుల్లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ ఒకరు. ఆస్ట్రియాకి చెందిన ఆవిడ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు ఉద్యోగుల ఇళ్ల కోసం చిన్న వంటిల్లు గీశారు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. కూరగాయలు తరిగే బల్లని సరిగ్గా కిటికీ కింద పెట్టి, కూర్చుని పని చేసుకోవడానికి స్టూలు కూడా ఇచ్చారు. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఇవాళ్టి మన మాడ్యులర్ కిచెన్‌కి మూలం అదే.

మనకి గ్యాస్ వచ్చి పొగ పోయింది. కిటికీ మాత్రం పూర్తిగా రాలేదు. చాలా ఫ్లాట్లలో హాలుకి గోడంత అద్దం, వంటింటికి మాత్రం డక్ట్‌లోకి తెరుచుకునే చిన్న కిటికీ.

అందుకే ఈ ఉగాదికి కిటికీల పని వంటింట్లోంచే మొదలుపెట్టండి. ముందు మెష్ ఊడదీసి సబ్బునీళ్లలో నానబెట్టండి. స్లైడింగ్ పట్టాల్లో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీసి, నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయండి. లేకపోతే వానాకాలం నీళ్లు ఇంట్లోకి వస్తాయి. అద్దం చివర్లో తుడవాలి, అదీ ఎండ దాని మీద లేనప్పుడే. ఎండలో నీళ్లు ముందే ఆరిపోయి చారలు పడతాయి. తెల్లమరకలకి నీళ్లలో కాస్త వెనిగర్ చాలు. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు బయటివైపు తుడవడానికి మాత్రం గట్టు ఎక్కకండి. ఏ అద్దమూ మీ కంటే ఎక్కువ కాదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఉంటే ఇంకో మాట. హాలు కిటికీ గురించి మేస్త్రీతో మాట్లాడినంతసేపు వంటింటి కిటికీ గురించి కూడా మాట్లాడండి. ఎంత వెడల్పో, ఏ వైపుకో, చేతికందుతుందో లేదో మీరే నిలబడి చూసుకోండి. ఆ గదిలో ఎక్కువసేపు ఉండేవాళ్లే ఆ సంగతి తేల్చాలి.