క్లీవ్సు పరిత్యాగపత్ర వివాదము

యూదుల ధర్మశాస్త్రమునందు వివాహవిచ్ఛేదమునకు మూలము ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము. పురుషుడు పరిత్యాగపత్రము వ్రాయించి భార్యచేతి కిచ్చి పంపవలెనని యందు విధింపబడినది. ఈ పత్రమునకు ‘గెట్టు’ అని పేరు. ఇచట ముఖ్యముగా గమనింపవలసిన దేమనగా, న్యాయసభ దంపతులను వేఱుచేయజాలదు. పత్రము నిచ్చువాడు భర్తయే. క్రీ.శ. 1000 ప్రాంతమున రబ్బీ గెర్షోము భార్య సమ్మతి లేక విడువరాదని శాసించెను గాని, భర్త సమ్మతి యావశ్యకమను మూలసూత్రము మాఱలేదు. భర్త దేశాంతరగతుడై జాడ తెలియకున్నను, ఉన్మత్తుడైనను, భార్య బద్ధురాలై యుండవలసినదే. ఇట్టి యాపదలయందు నారద పరాశర స్మృతులు స్త్రీకి అన్యపతిని జెప్పుటయు, దానిపై నిబంధనకారులు పడిన తర్జనభర్జనలును పాఠకు లెఱుగుదురు. యూదశాస్త్రమున నా వెసులుబాటు లేదు.

ఈ సూత్రము 18వ శతాబ్దమున యూరోపుఖండమునందలి పండితులను రెండు పక్షములుగా జీల్చిన వృత్తాంత మిది.

1766వ సంవత్సరము ఎలూలుమాసము 8వ దినమున జర్మనీలోని మాన్‌హైము పట్టణపు ఇజాకు అను యువకునికి, బాన్ పట్టణపు లేయా అను కన్యకు వివాహము జరిగెను. పెండ్లియైన తరువాతి విశ్రాంతిదినముననే వరుడు కట్నపుసొమ్ములో 94 బంగారు నాణెములు గైకొని యదృశ్యుడయ్యెను. వెదకగా రెండుదినములకు సమీపగ్రామమున నొక యన్యమతస్థుని యింట గానవచ్చెను. ఇల్లు చేరిన కొలదిదినములకే, తనకు మహాపాయము కలదనియు, జర్మనీలో నిలువలేక ఇంగ్లండునకు బోవుచున్నాననియు, భార్య బద్ధురాలు గాకుండుటకై పత్ర మిచ్చెదననియు దెలిపెను. హాలండు సరిహద్దుచెంతనున్న క్లీవ్సునందు, ఆ మాసము 22వ దినమున, రబ్బీ ఇస్రాయేలు లిప్‌షుట్సు సమక్షమున గెట్టు యథావిధిగా నీయబడెను. పెండ్లికిని విడాకులకును నడుమ పదునాలుగు దినములు!

ఇజాకు తండ్రి యిది కట్నమునకై వధువు బంధువులు పన్నిన కుట్రయని శంకించి, మాన్‌హైము రబ్బీ తెవెలె హెస్సు నాశ్రయించెను. హెస్సు, పత్రమిచ్చు నాటికి వరుడు స్వస్థచిత్తుడు కాడు గాన పత్రము చెల్లదని తీర్పు చెప్పి ఫ్రాంకుఫర్టు సభవారి మద్దతును గోరెను. ఆ సభాధిపతి రబ్బీ అబ్రహాము లిస్సా గెట్టు చెల్లదని లిప్‌షుట్సే స్వయముగా బ్రకటింపవలెనని పట్టుపట్టెను. లిప్‌షుట్సు లొంగక ఇతరదేశముల పండితులకు లేఖలు పంపెను. ప్రాగులోని ఎజెకియేలు లాండౌ, ఆల్టోనాలోని జేకబు ఎమ్డెను, ఆమ్‌స్టర్‌డాము రబ్బీ సౌలు, పోలండుదేశపు బ్రోడీ పండితులు మున్నగువా రాతని బలపఱచిరి.

వాదమంతయు ఉన్మాదలక్షణముపై నిలిచినది. రాత్రులందు ఒంటరిగా దిరుగుట, శ్మశానమున శయనించుట, వస్త్రములు చింపుకొనుట యని తాల్ముదు చెప్పిన లక్షణములలో నేదియు నీతనియందు గానరాదు. భయమును విషాదమును వేఱు, మతిభ్రంశము వేఱు. ఫ్రాంకుఫర్టు పక్షమువారు క్రొత్తపెండ్లికొడుకు కారణము లేక పాఱిపోవుటయే చాలిన సాక్ష్యమనిరి. ఇందొక చిక్కు గలదు: పదునాలుగవ దినమున మతిలేనివాడు మొదటిదినమున మతిగలవా డెట్లు? వివాహమే సందిగ్ధమైనచో విడాకుల ప్రసక్తి యెక్కడిది? మఱియు, ఒకసారి యీయబడిన గెట్టును దూషింపరాదని 12వ శతాబ్దముననే రబ్బేను తాము కట్టడిచేసి యుండెను. నా తలంపున లిప్‌షుట్సు పక్షమే శాస్త్రసమ్మతము. అయినను ఎదుటివారి భయము తేలికైనది కాదు. గెట్టు చెల్లనిచో లేయా యింకను పరపత్నియే. ఆమె యన్యుని బెండ్లాడి కనిన సంతానమునకు స్వసంఘమున సామాన్యవివాహార్హత యుండదు.

ఫ్రాంకుఫర్టువారు తుదివఱకు వెనుదీయలేదు. లాండౌను గాని యాతని కుమారులను గాని తమ రబ్బీగా నెన్నడు నెన్నుకొనరాదని యా సంఘమువారు తీర్మానించిరి. ఈ వాదములు 1769లో ఆమ్‌స్టర్‌డామునందు అచ్చయిన ‘ఓర్ హయాషార్’ నందును, మఱుసటి యేట లిప్‌షుట్సు ప్రకటించిన ‘ఓర్ ఇస్రాయేలు’ నందును నిలిచియున్నవి.

ఇంతలో ఇజాకును లేయాయు మరల గలిసిరి. గెట్టు చెల్లినచో పునర్వివాహము కావలెను. చెల్లనిచో అక్కఱ లేదు. తుదకు ఫ్రాంకుఫర్టు రబ్బీయందలి గౌరవముచే వాడుకయైన యాశీర్వచనములు విడిచిపెట్టబడెను. వరుడు ఉంగరము దొడుగుచు, ఈ యుంగరముచే నీవు నాకు భార్యవైతివని గాక, ఇంకను భార్యవే యని పలికెను.