స్తంభానికీ దూలానికీ నడుమ: కట్టడాలలో బోదికలు, మదనికలు

యూనిట్ – 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 రాతి దూలం బలహీనత, బోదిక ప్రయోజనం
7.3 కొయ్య నుంచి రాయికి: చారిత్రక పరిణామం
7.4 బోదిక ఆకారం – కాలనిర్ణయం
7.5 రామప్ప గుడి మదనికలు: ఊతమా? అలంకారమా?
7.6 బోదికలు – పరిరక్షణ
7.7 సారాంశం
7.8 ముఖ్య పదాలు
7.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు
– స్తంభం మీద బోదిక ఎందుకు అవసరమో వివరించగలుగుతారు;
– బోదిక ఆకారంలో వచ్చిన మార్పులను రాజవంశాల వారీగా గుర్తించగలుగుతారు;
– రామప్ప గుడి మదనికలను శిల్పాలుగానే కాక, కట్టడంలో భాగాలుగా కూడా పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

కాకతీయుల వాస్తుకళ మీద ప్రశ్న అడిగితే విద్యార్థులలో చాలామంది రామప్ప గుడి మదనికల అందాన్ని గురించి ఒక పేజీ రాస్తారు. నగలు, నడుము వంపు, నునుపుదేలిన నల్లరాయి, అన్నీ ఉంటాయి. ఆ శిల్పం అక్కడే ఎందుకు ఉంది, దాని పైన ఏముంది, కింద ఏముంది అన్న మాట మాత్రం ఆ జవాబుల్లో కనిపించదు. గుడిని శిల్పాల ప్రదర్శనశాలగా చూడటం వల్ల వచ్చిన లోపం ఇది. గుడి మొదట ఒక కట్టడం. కప్పు బరువు నేలకు చేరే దారిలో ప్రతి రాయికీ ఒక పని ఉంటుంది. ఆ దారిలో స్తంభానికీ దూలానికీ నడుమ, గోడకూ చూరుకూ నడుమ నిలిచే భాగమే మనం వాడుకలో బ్రాకెట్ అనేది. శిల్పశాస్త్ర గ్రంథాలు స్తంభం మీది బ్రాకెట్‌ను పోతిక, బోధిక అన్న పేర్లతో వర్ణించాయి. తెలుగులో బోదిక అంటాం.

7.2 రాతి దూలం బలహీనత, బోదిక ప్రయోజనం

రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది. అందుకే రాతి స్తంభం ఎంతో బరువు మోస్తుంది. సాగదీసే బలాన్ని మాత్రం రాయి అంతగా తట్టుకోలేదు. రెండు స్తంభాల మీద పెట్టిన దూలం పై బరువుకు కొద్దిగానైనా వంగబోతుంది. అప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. రాతి దూలం పగిలితే ఎక్కువగా నడిమధ్యన, అడుగు నుంచి పగలడానికి కారణం ఇదే. కొయ్య దూలం వంగి హెచ్చరిక ఇస్తుంది. రాయి అలాంటి హెచ్చరిక లేకుండానే విరిగిపోతుంది.

దీనికి విరుగుడు దూలం కింది ఖాళీ నిడివిని తగ్గించడం. ఒక ఉదాహరణ చూద్దాం. రెండు స్తంభాల మధ్య ఖాళీ 3 మీటర్లు అనుకోండి. ఒక్కో స్తంభం నెత్తిన, లోపలి వైపుకు అర మీటరు పొడుచుకువచ్చే బోదికను పెడితే దూలానికి ఆధారం లేని నిడివి 2 మీటర్లకు తగ్గుతుంది. నిడివి తగ్గింది మూడో వంతే. కానీ సమంగా పరుచుకున్న బరువు కింద దూలాన్ని వంచే ప్రభావం నిడివి వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే అది దాదాపు తొమ్మిదింట నాలుగు వంతులకు, సగం కన్నా తక్కువకు పడిపోతుంది. చిన్న రాతి దిమ్మ చేసే పెద్ద మేలు ఇది.

బోదిక వల్ల మరో మూడు ఉపయోగాలున్నాయి.

1. దూలం కొసలు ఆనడానికి చోటు పెరుగుతుంది. సన్నని స్తంభం నెత్తిన రెండు దూలాల కొసలు కలిసేచోట ఇది చాలా ముఖ్యం.
2. నాలుగు దిక్కుల నుంచి వచ్చే దూలాలకు నాలుగు చేతుల బోదిక ఒకే పీటగా పనిచేస్తుంది. మండపాల నడిమి స్తంభాల మీద ఇలాంటివి చూడవచ్చు.
3. గోడను దాటి బయటికి వచ్చే చూరు రాళ్లకు అది కింది నుంచి ఊతమవుతుంది. చూరు ఎంత ముందుకు వస్తే గోడ మీద వాన అంత తక్కువ పడుతుంది.

బోదిక స్తంభం దగ్గర మందంగా, కొస వైపు పలచగా ఎందుకుంటుందో ఇప్పుడు ఊహించవచ్చు. పొడుచుకువచ్చిన చేయి స్తంభాన్ని కలిసేచోటే వంచే ప్రభావం ఎక్కువ. కొసకు పోయేకొద్దీ అది తగ్గుతుంది. శిల్పి తామరమొగ్గలనూ అలలనూ చెక్కినది ఈ అవసరం విధించిన ఆకారం మీదనే.

7.3 కొయ్య నుంచి రాయికి: చారిత్రక పరిణామం

బోదిక మొదట వడ్రంగి పని. పాత మండువా లోగిళ్లలో స్తంభం నెత్తిన అడ్డంగా పెట్టి, దాని మీద దూలాన్ని ఆనించిన చెక్క దిమ్మను చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. రాతిలో కట్టడం మొదలైనప్పుడు శిల్పులు కొయ్యపని రూపాలను రాతిలోకి తెచ్చారు. సాంచీ తోరణాలు ఇందుకు మంచి సాక్ష్యం. అక్కడ చెట్టుకొమ్మను పట్టుకుని వాలిన యక్షిణి, తోరణపు అడ్డుదూలం కొస కింద బ్రాకెట్ స్థానంలో ఉంటుంది. ఇలాంటి బొమ్మను సాలభంజిక అంటారు. దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుని దానాన్ని తెలిపే శాసనం ఉంది. మన ప్రాంతాన్ని ఏలిన శాతవాహనులకు సాంచీతో ఉన్న సంబంధానికి అది ఆధారం.

బాదామి చాళుక్యుల మూడో గుహాలయంలో (క్రీ.శ. 578) స్తంభాల మీద చెట్ల కింద నిలిచిన స్త్రీలు, దంపతులు బ్రాకెట్ బొమ్మలుగా కనిపిస్తారు. గుహాలయం కొండను తొలిచి చేసినది. అక్కడ స్తంభం, దూలం, కప్పు ఒకే రాయి కనుక బ్రాకెట్ మోయవలసిన బరువు వేరే లేదు. పని లేని చోట కూడా రూపం కొనసాగిందంటే, బ్రాకెట్ లేని స్తంభం ఆనాటి కంటికి అసంపూర్ణంగా తోచి ఉండాలి. హోయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించిన బేలూరు చెన్నకేశవాలయంలో సుమారు నలభై మదనికలతో ఈ సంప్రదాయం ఉన్నత స్థాయికి చేరింది.

7.4 బోదిక ఆకారం – కాలనిర్ణయం

శాసనం లేని గుడి కాలాన్ని నిర్ణయించడానికి బోదిక ఎంతో ఉపకరిస్తుంది. పుదుచ్చేరిలో పనిచేసిన ఫ్రెంచి పండితుడు జూవో-దుబ్రాయ్ 1914లో ప్రచురించిన గ్రంథంలో దక్షిణాది బోదికల పరిణామాన్ని క్రమపద్ధతిలో చూపాడు. స్థూలంగా ఆ క్రమం ఇది: పల్లవుల బోదిక గుండ్రంగా తిరిగి, మీద అలల వంటి గాడులతో ఉంటుంది. చోళుల బోదిక ఏటవాలుగా కోసినట్లుండి, నడుమ ముందుకు వచ్చిన దిమ్మతో కనిపిస్తుంది. విజయనగర కాలానికి అది కిందికి వేలాడే తామరమొగ్గగా మారుతుంది. దీన్ని పుష్పపోతిక అంటారు. లేపాక్షి వీరభద్రాలయ మండపాలలో మీరు దాన్ని గమనించవచ్చు. అయితే ఒక హెచ్చరిక: తర్వాతి కాలంలో చేర్చిన మండపం బోదికను చూసి గర్భగుడి కాలాన్ని నిర్ణయించకూడదు.

7.5 రామప్ప గుడి మదనికలు: ఊతమా? అలంకారమా?

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని కట్టించాడు. రామప్ప గుడిగా ప్రసిద్ధమైన ఈ ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రని ఇసుకరాయి, బ్రాకెట్లు నునుపు చేసిన నల్లరాయి. వెలుపలి స్తంభాల భుజాల నుంచి లేచి, చూరు పలకల అడుగుకు ఏటవాలుగా చేరే ఈ బ్రాకెట్లలో పన్నెండు మదనికలవి. అవి మూడు ప్రవేశాల దగ్గర ఉంటాయి. తక్కినవి ఏనుగు మీద లంఘించే సింహరూపాలు.

హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద వెలువరించిన గ్రంథంలో ఈ బ్రాకెట్లు పేరుకు చూరును మోస్తున్నా, నిజానికి అలంకారానికే ఉన్నాయని అభిప్రాయపడ్డాడు. ఆ అభిప్రాయానికి ఆధారం అర్థం చేసుకోదగినదే. చూరు పలక లోపలి భాగం మీద కప్పు బరువు పడుతుంది. ఆ బరువే బయటి కొస కిందికి ఒరగకుండా పట్టి ఉంచుతుంది. అలాంటప్పుడు కింది ఊతం తప్పనిసరి కాదు.

ఈ మాటను అంగీకరిస్తూనే రెండు విషయాలు చేర్చుకోవాలి. మొదటిది, ఒంటరి శిల్పాలుగా గోడకు తగిలించక, ఊతం ఉండవలసిన చోట, ఊతం ఉండవలసిన వాలులో వాటిని నిలిపారు. చూసేవారికి చూరు క్షేమంగా ఉందన్న నమ్మకం కలగాలన్నది శిల్పి ఉద్దేశం కావచ్చు. రెండవది, కట్టిన నాడు బరువు లేని రాయికి ఎన్నటికీ బరువు ఉండదని చెప్పలేం. పునాది కుంగితే బరువు కొత్త దారి వెతుక్కుంటుంది. అంతవరకు అలంకారంగా ఉన్న బ్రాకెట్ ఆనాటి నుంచి నిజమైన ఊతం కావచ్చు.

జాయపసేనాని నృత్తరత్నావళిని చదివి ఈ మదనికలను చెక్కారని కొందరు రాస్తారు. ఆ గ్రంథం 1250ల నాటిది, గుడి 1213 నాటిది. గ్రంథానికీ శిల్పానికీ పోలికలుంటే, రెండూ ఆనాటి నృత్య సంప్రదాయం నుంచి పుట్టాయనడమే సబబు.

7.6 బోదికలు – పరిరక్షణ

రామప్ప గుడిలో నేల కొన్నిచోట్ల కుంగి, స్తంభాలూ దూలాలూ మట్టం తప్పిన సంగతి అక్కడికి వెళ్లినవారెవరైనా చూడవచ్చు. ఇలాంటి కట్టడంలో ఏ బ్రాకెట్‌ను కదిలించాలన్నా ముందు పై భాగానికి తాత్కాలిక ఊతం ఇచ్చి, బరువు ఏ దారిన దిగుతున్నదో లెక్క చూసుకోవాలి. విరిగిన చోట సిమెంటుతో పూడిస్తే కంటికి అతుకు కనిపించకపోవచ్చు గాని, పగుళ్లకు కారణం అలాగే మిగిలిపోతుంది. మనూరి శిథిలాలయాల బోదికలను ఎత్తుకుపోయి ఇంటి ముందు అలంకారంగా పెట్టుకునేవారు దొంగిలించేది ఒక శిల్పాన్ని మాత్రమే కాదు. పైనున్న దూలం ఆయుష్షును, ఆ గుడి కాలాన్ని చెప్పగల సాక్ష్యాన్ని కూడా.

7.7 సారాంశం

బోదిక దూలం ఖాళీ నిడివిని తగ్గించి, ఆనే చోటును పెంచి, చూరుకు ఊతమిస్తుంది. కొయ్యలో పుట్టి రాతిలో కొనసాగింది. దాని ఆకారం కాలనిర్ణయానికి ఆధారం. రామప్ప మదనికల విషయంలో అలంకారం, ఊతం అన్న రెంటినీ కలిపి చూడాలి. మీరు ఈసారి ఏ పాత గుడికి వెళ్లినా ముందు తల ఎత్తి, కప్పు బరువు స్తంభంలోకి ఎలా దిగుతున్నదో చూడండి. శిల్పాన్ని ఆ తర్వాత చూడండి. అప్పుడది మరింత అందంగా కనిపిస్తుంది.

7.8 ముఖ్య పదాలు

బోదిక / పోతిక: స్తంభం నెత్తిన దూలాన్ని మోసే దిమ్మ.
పుష్పపోతిక: వేలాడే తామరమొగ్గ ఆకారపు బోదిక.
సాలభంజిక: చెట్టుకొమ్మను పట్టుకున్న స్త్రీ రూపం.
మదనిక: చూరు కింది బ్రాకెట్‌గా మలచిన స్త్రీ రూపం.

7.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. రాతి దూలం అడుగు నుంచి ఎందుకు పగులుతుంది?
2. బోదిక ఆకారం కాలనిర్ణయానికి ఎలా తోడ్పడుతుంది?

II. 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. రామప్ప గుడి మదనికలు అలంకారాలేనన్న అభిప్రాయాన్ని పరిశీలించండి.
2. మీ ప్రాంతంలోని ఒక పాత ఇంటి లేదా గుడి బోదికను గీసి, దాని మీది బరువు నేలకు చేరే దారిని వివరించండి.