సింబియన్ ప్రాభవము – వాటా లెక్కలు

చేతిఫోనులలో ఎవరిది పైచేయి యని నేడు వాదించుకొనువారికి రెండే పక్షములు కనబడును: ఒకటి ఆండ్రాయిడ్, రెండవది ఐఫోన్. ఈ వాదమే 2006 ప్రాంతమున జరిగియుండినచో ఈ రెండు పేర్లలో ఏదియు వినబడియుండదు. 2007 సంవత్సరమున లోకమందెల్ల అమ్ముడుపోయిన స్మార్ట్‌ఫోనులలో నూటికి 63.5 పాళ్లు సింబియన్ అను వ్యవస్థతో నడచినవని గార్ట్‌నర్ సంస్థవారు లెక్కగట్టిరి. అంతటి ఆధిక్యము నాలుగైదేండ్లలో నామమాత్రమగుటకు ఆపిల్‌వారి ప్రతిభ యొక్కటే హేతువని సామాన్యముగ చెప్పుదురు. నాకు మాత్రము ఆ 63.5 అను అంకెయందే పతనబీజము దాగియుండెనని తోచుచున్నది.

సింబియన్‌కు మూలమైన వ్యవస్థ ఫోనుల కొఱకు పుట్టినది కాదు. డేవిడ్ పాటర్ 1980లో లండను నగరమున స్థాపించిన సయాన్ అను సంస్థ జేబులో ఇముడు చిన్న కంప్యూటర్లను చేసి అమ్ముచుండెను. 1997లో వెలువడిన వారి సిరీస్ 5 యంత్రము రెండు పెన్సిల్ సెల్లులతో నడచెడిది. 18 మెగాహెర్ట్జ్ వేగము, హెచ్చులో హెచ్చు 8 మెగాబైట్ల మెమరీ – ఇంతే దాని సంపద. అట్టి లేమిలో పెరిగిన ఈపాక్ అను ఆ మూలవ్యవస్థకు పొదుపే ప్రాణధర్మమయ్యెను. ప్రోగ్రాము వ్రాయువాడు మెమరీనుండి ఎరువు తెచ్చుకొన్న ప్రతి బైటును, పని నడుమ చెడినను సరే, మరల అప్పగించి తీరవలయును. అందులకై తీసికొన్నదానినెల్ల ఎప్పటికప్పుడు క్లీనప్ స్టాక్ అను పట్టికకు ఎక్కించుకొనవలయును. నడుమ విఫలమగుటకు అవకాశమున్న ఫంక్షను పేరునకు చివర ‘ఎల్’ అను అక్షరమును తగిలించి, తరువాత చదువువానిని హెచ్చరింపవలయును. అక్షరముల వరుసను దాచుటకే పలు తెగల డిస్క్రిప్టరులుండెడివి. ఏది యెక్కడ వాడవలయునో తెలియక కొత్తవాడు తికమకపడుచుండెను. ఈ నియమములు ఊరక పెట్టినవి కావు. నెలల తరబడి ఆర్పకుండ నడుపు యంత్రమున కొంచెము కొంచెముగ మెమరీ కారిపోయినను తుదకది స్తంభించును. ఆనాటి పరిమితులలో అంతకంటె నేర్పుగ కట్టిన వ్యవస్థ మఱియొకటి లేదనవచ్చును. చిక్కేమనగా, మెమరీ చవుకయైన పిదపను ఆ కట్టుబాట్లు సడలలేదు.

మైక్రోసాఫ్ట్‌వారు కంప్యూటర్లనేలినట్లే ఫోనులనుగూడ ఏలుదురేమో యను భయము యూరపునందలి ఫోను వర్తకులను ఒక్కచోటికి చేర్చెను. 1998 జూనులో నోకియా, ఎరిక్‌సన్, సయాన్ సంస్థలు కలసి సింబియన్‌ను నెలకొల్పిరి. మోటరోలా వెంటనే వచ్చి చేరెను. 2000లో ఎరిక్‌సన్ ఆర్380, 2002లో కెమెరాతోగూడిన నోకియా 7650 వెలువడినవి. పునాది ఉమ్మడిదే కాని, పైన కనబడు తెరను ఎవరికి వారు కట్టుకొనిరి. నోకియాది ఎస్60, ఎరిక్‌సన్‌వారు చేపట్టినది యూఐక్యూ, జపానునందు డొకోమోవారి ఫోనులది వేఱొక తీరు. ఇంటిపేరు ఒక్కటే, పొయ్యిలు మూడు. ఎస్60 కొఱకు చేసిన ప్రోగ్రాము యూఐక్యూ ఫోనులో నడువదు. జపాను ఫోనులలోనికి బయటివాని ప్రవేశమే దుర్లభము. లెక్కగట్టువారు ఈ మూడింటిని ఒక్క పద్దుక్రింద వ్రాసిరి కనుక 63.5 అను అంకె తేలినది. ప్రోగ్రాములు వ్రాసి పొట్టపోసికొనువానికి ఆ పద్దుతో పనిలేదు. తన సరకు ఎన్ని ఫోనులలో నడచునో అదియే వానికి లెక్క.

పైగా కలిసికట్టిన సంస్థ క్రమముగ ఒక్కరి చేతిలోనికే పోయెను. 2003లో మోటరోలా తన భాగమును అమ్ముకొనెను. మఱుసటియేడు సయాన్ సైతము తప్పుకొనెను. నోకియా భాగము 47.9 పాళ్లకు పెరిగెను. పోటీదారుని సొత్తువలె కనబడు వ్యవస్థను తమ ఫోనులలో పెట్టుకొనుటకు తక్కినవారు జంకుట సహజము. 2008లో నోకియా మిగిలిన భాగములనుగూడ కొని, సింబియన్‌ను ఉచితముగ అందఱికిని ఇత్తుమని ప్రకటించునప్పటికి, ఉచితముగ లభించు ఆండ్రాయిడ్ సిద్ధమగుచుండెను.

మన ఊళ్లలోని సంగతి యిక్కడ కొంత చెప్పవలయును. 2003లో వెలువడి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన నోకియా 1100, దుమ్ము చొరని మీటలతో, చీకటిలో దారిచూపు టార్చితో, తెలుగునాట పొలముగట్లమీదికిని వచ్చెను. అది స్మార్ట్‌ఫోను కాదు గనుక మనము చెప్పుకొనుచున్న లెక్కలో దానికి చోటు లేదు. లెక్కలో చేరినవి ఎన్73 వంటి ఖరీదైన ఫోనులును, తరువాత చవుకగా వచ్చిన 5233 వంటివియు. హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ అంగళ్లలో వీని బేరము జోరుగ సాగెడిది. కాని ఇట్టి ఫోనులు పెక్కింటిలో తెలుగు పుట తెరచినచో అక్షరములకు మాఱుగా ఖాళీ డబ్బాలు బారులు తీరి కనబడెడివి. దానికి తెలుగువారు కనుగొన్న ఉపాయము చూడదగినది: ఒపెరా మినీ బ్రౌజరును వేసికొని, చిరునామా వ్రాయు గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, తెరచుకొన్న పట్టికలో సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంటులు వాడవలెనా యను ప్రశ్నకు ‘ఎస్’ అని మార్చి సేవ్ చేయవలయును. అప్పుడు దూరముననున్న ఒపెరావారి సర్వరు తెలుగు అక్షరములను బొమ్మలుగ మలచి పంపెడిది. ఫోనునకు తెలుగు రాకపోయినను దాని యజమాని తెలుగు చదువుకొనెడివాడు. ఈ కిటుకును ఒకరికొకరు చెప్పుకొనుచు ఎందఱో దేశభాషలో చదువుట సాగించిరి. ఫోనునందే తెలుగును అమర్చుదమని పూనుకొన్న ప్రోగ్రామరుకు వేఱొక అడ్డంకి యుండెను. 2004లో బ్లూటూత్ ద్వారా ప్రాకిన కాబిర్ అను పురుగు భయపెట్టిన పిదప, 2006నుండి వచ్చిన ఎస్60 ఫోనులలో సంతకపు పత్రము లేని ప్రోగ్రామునకు తలుపు మూసిరి. జాగ్రత్త మంచిదే, కాని ఆ సంతకము సంపాదించుటలోని ప్రయాస ప్రోగ్రాము వ్రాయుటలోని ప్రయాసకు తోడయ్యెను.

ఐఫోన్ 2007 జనవరిలో ప్రకటింపబడెను. 2008 జూలైలో ఆపిల్‌వారి యాప్ స్టోరు తెరచిరి. ఆ యక్టోబరున తొలి ఆండ్రాయిడ్ ఫోను అంగడికెక్కెను. నోకియావారి ఓవి స్టోరు 2009 మేలో గాని రాలేదు. తరువాతి రెండేండ్ల గార్ట్‌నర్ పట్టికను నిదానముగ చదువవలయును. 2009లో అమ్ముడుపోయిన సింబియన్ ఫోనులు సుమారు 8 కోట్ల 9 లక్షలు. 2010లో 11 కోట్ల 16 లక్షలు. మూడు కోట్లు హెచ్చినవి! అదే కాలమున వాటా 46.9 నుండి 37.6కు పడిపోయెను. అంగడి మొత్తము 17 కోట్లనుండి 30 కోట్ల దరిదాపునకు ఉబ్బినందున, పెరుగుచున్నవాడే తఱుగుచున్నట్లు తేలెను. ఆండ్రాయిడ్ మాత్రము 68 లక్షలనుండి 6 కోట్ల 72 లక్షలకు, అనగా 3.9 పాళ్లనుండి 22.7కు ఎగసెను. కర్మాగారమునుండి బయలుదేఱు పెట్టెలను లెక్కించువానికిది వృద్ధి. వాటాలు చూచువానికి క్షయము. ఒకే పట్టికను చేతబట్టుకొని ఇరుపక్షములవారును గెలుపు చాటుకొనగలిగిరి.

నోకియా అధికారులలో ఆండ్రాయిడ్‌పై చులకన యుండుటకు ఇట్టి అంకెలు కొంత కారణము కావచ్చును. ఆండ్రాయిడ్‌ను ఆశ్రయించు ఫోను సంస్థలు, చలికాలమున వెచ్చదనము కొఱకు లాగులో మూత్రము పోసికొను పిల్లలవంటివని వారిలో ఒకడైన అన్సి వాన్యోకి 2010లో పరిహసించెను. మొరటు మాటయే, కాని తక్షణసుఖమును కోరి పరుల వ్యవస్థకు బానిసలగుదురను ఆలోచన అందులో లేకపోలేదు. ఆ సెప్టెంబరునందే వాన్యోకి రాజీనామా ఇచ్చెను. మైక్రోసాఫ్ట్‌నుండి వచ్చిన స్టీఫెన్ ఈలప్ నోకియాకు ప్రధానాధికారి యయ్యెను. 2011 ఫిబ్రవరిలో, తమ సంస్థ మంటలంటుకొన్న సముద్రపు వేదికపై నిలిచియున్నదని ఉద్యోగులకు ఆయన వ్రాసిన లేఖ బయటికి పొక్కెను. 11వ తేదీన, ఇకమీద మైక్రోసాఫ్ట్‌వారి విండోస్ ఫోనే తమకు శరణ్యమని లండనులో ప్రకటించిరి. ఫిన్లాండునందలి టాంపెరె నగరపు నోకియా ఉద్యోగులు పలువురు ఆనాడు పని విడిచి బయటికి నడచిరి.

సింబియన్‌ను చంపినది ఈలప్ అని నేటికిని వాదించువారు కలరు. రోగము ఆయన రాకకు పూర్వమే ముదిరినదని పై లెక్కలే చెప్పుచున్నవి. అయినను విండోస్ ఫోను ఒక్కటియు చేతికి రాకముందే ఉన్న సరకు కాలము చెల్లినదని చాటుట ఏ వర్తకుడును చేయని పని. అట్టి సరకును అంగడివాడెందుకు నిలువచేయును? ఆ యేడు మూడవ త్రైమాసికమునకు సింబియన్ వాటా 16.9; ఆండ్రాయిడ్‌ది 52.5. ఏండ్లమీద జరుగవలసిన క్షయము నెలలలో ముగిసెను. 2012లో వచ్చిన 808 ప్యూర్‌వ్యూ, 41 మెగాపిక్సెళ్ల కెమెరాతో, ఆ వంశమునకు కడపటిదయ్యెను. 2014 జనవరి 1 నుండి సింబియన్ కొఱకు కొత్త ప్రోగ్రాములను నోకియా స్టోరు స్వీకరింపలేదు.

మిగిలినది క్లుప్తముగ చెప్పవచ్చును. నోకియావారి ఫోనుల వ్యాపారమును 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్ 2013లో బేరమాడి మఱుసటియేడు ఏప్రిలులో వశపఱచుకొనెను. ఆ కొనుగోలును తాను సమ్మతింపలేదని, నడుమ మైక్రోసాఫ్ట్‌కు ప్రధానాధికారియైన హైదరాబాదువాడు సత్య నాదెళ్ల తన గ్రంథమున వ్రాసికొనెను. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లను నష్టముక్రింద కొట్టివేయుటయు ఆయన కాలముననే జరిగెను. ఫిన్లాండునందలి సాలో కర్మాగారమును నోకియావారు 2012లోనే మూసివేసిరి. మద్రాసు చెంత శ్రీపెరంబుదూరులో 2006 మొదలు నడచిన కర్మాగారము, పన్నుల వివాదము వలన మైక్రోసాఫ్ట్ బేరమునకు వెలియై, 2014 నవంబరు 1న మూతబడెను. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి పనిచేసిన వేలాది యువతుల ఉద్యోగములు దానితోనే పోయినవి. కొన్నియేండ్లకు ఆ చోటును తీసికొని 2020లో పని ప్రారంభించినది సాల్‌కాంప్ అను సంస్థ. అది సాలో పట్టణము కేంద్రముగ నడచిన ఫిన్లాండు సంస్థయే. అది చేయునవి ఛార్జర్లు, దాని ముఖ్యమైన ఖాతాదారు ఆపిల్.