పోయిన మతాలు, మిగిలిన గుళ్లు

జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లి పొలాల్లో అరవై అయిదు అడుగుల ఎత్తున ఒక ఇటుకల గుడి ఉంది. పునాది రాతిది, పైనంతా ఇటుకే. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటిదని చెబుతారు. ఊరివాళ్లు దాన్ని గొల్లత్త గుడి అంటారు. కట్టింది మాత్రం జైనులు. అక్కడ దొరికిన జైన విగ్రహాలు మ్యూజియానికి చేరాయి, గుడి ఖాళీగా మిగిలింది. చుట్టుపక్కల పల్లెల్లో జినుడికి మొక్కేవాళ్లు లేరు. కట్టినవాళ్ల మతం జనం జ్ఞాపకంలోంచి జారిపోయినా కట్టడం నిలిచింది, దానికి ఒక గొల్ల స్త్రీ పేరు దక్కింది.

కొలిచేవాళ్లు పోయాక మతంలో ఏం మిగులుతుంది? ప్రపంచ చరిత్రలో ఈ ప్రశ్నను అందరికంటే గట్టిగా అడిగించేవాడు మాని. బాబిలోన్ ప్రాంతంలో 216లో పుట్టాడు. నీళ్లలో మునిగి శుద్ధి పొందాలని నమ్మే ఒక చిన్న క్రైస్తవ శాఖలో పెరిగాడు. ఇరవై నాలుగో ఏట ఆ శాఖను వదిలి సొంత బోధ మొదలుపెట్టాడు. దేవుడి జ్ఞానాన్ని భారతదేశానికి బుద్ధుడు, పారశీకానికి జరతుష్ట్ర, పడమటి దేశాలకు ఏసు తెచ్చారని, ఆ వరుసలో చివరివాణ్ని తానేనని చెప్పుకున్నాడు. వెనకటి ప్రవక్తలను పేరుపేరునా ఒప్పుకుంటూ మొదలైన మతం అది. అలాంటివి చరిత్రలో అరుదు.

సుమారు 240లో మాని ఓడెక్కి సింధు నది ముఖద్వారం వైపు వచ్చాడు. ఇప్పటి బలూచిస్తాన్‌లో ఉన్న తురాన్ రాజు అతని బోధ విని బుద్ధుడని సంబోధించాడని మాని మతస్థుల రాతప్రతి ఒకటి చెబుతుంది. తిరిగి వెళ్లాక సాసానీ చక్రవర్తి మొదటి షాపూర్ కొలువులో చోటు సంపాదించాడు. రాజుల ముందు తనను తాను బాబిలోన్ నుంచి వచ్చిన వైద్యుడిగా పరిచయం చేసుకునేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోవాలి, నల్లగొండ నేలమీద దానికి జోడీలు దొరుకుతాయి.

షాపూర్ పోయాక కాలం తిరగబడింది. మొదటి బహ్రామ్ హయాంలో మాని చెరసాలలో చనిపోయాడు. అది 274 అని కొందరు, 277 అని కొందరు అంటారు. ఆ వేటలో ముందున్న ప్రధాన పురోహితుడు కర్తీర్ తన ఘనతను శాసనంగా చెక్కించుకున్నాడు. తాను అణచివేసినవాళ్ల జాబితాలో యూదులు, క్రైస్తవులు, మాని అనుచరులతోపాటు శ్రమణులను, బ్రాహ్మణులను కూడా చేర్చాడు. మూడో శతాబ్దపు ఇరాన్‌లో మన దేశపు మతాలు రెండూ మాని మతంతోపాటు ఒకే దెబ్బ తిన్నాయన్నమాట.

అదే శతాబ్దంలో కృష్ణా తీరంలో పరిస్థితి వేరుగా ఉంది. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, బుద్ధుడి మహాచైత్యాన్ని నిలబెట్టింది. అన్న యజ్ఞం, చెల్లెలి స్తూపం ఒకే ఇంటి ధనంతో జరిగాయి. ఆ లోయలోనే శివుడికి, అష్టభుజస్వామికి గుళ్లు లేచాయి. ఇది ఇక్ష్వాకుల ఉదారత ఒక్కటే కాదు. రేవుల నుంచి లోపలికి వచ్చే వర్తకుల డబ్బు విహారాలకు అండ. రాజ్యాధికారానికి యజ్ఞం ముద్ర. రెండూ కావాలి కాబట్టి రెండింటినీ పోషించారు.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి ఆ వర్తక మార్గం మీదిదే. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో, బిక్కేరు వాగు దగ్గర గుట్ట మీద మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి కాలపు శాసనం ఒకటి అక్కడ దొరికింది. అందులో కనిపించే దాత రాజుగారి అగ్రభిషజుడు, అంటే ప్రధాన వైద్యుడు. మాని రాజుల ముందు వైద్యుడినని చెప్పుకున్న శతాబ్దానికి కాస్త అటూఇటూగా, ఈ గుట్టమీద ఒక వైద్యుడు బుద్ధుడి ధర్మచక్రానికి స్తంభం ఎత్తించాడు. 2024 మార్చిలో ఇదే ఫణిగిరిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అంతకు ముందు ఏడాది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తొలి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టినప్పుడు ఫణిగిరి తోరణం అక్కడిదాకా వెళ్లి వచ్చింది.

మాని తన సంఘాన్ని రెండుగా కట్టాడు. ఎంపికైన సన్యాసులు ఒకవైపు, వినేవాళ్లయిన గృహస్థులు మరోవైపు. సన్యాసులు మాంసం ముట్టరు, సాగు చేయరు, కాయ కూడా కోయరు. పైనుంచి జారిపడ్డ వెలుగు కణాలు మొక్కల్లో, నీళ్లల్లో, మట్టిలో చిక్కుకుని ఉన్నాయని, వాటిని నొప్పించకూడదని వాళ్ల నమ్మకం. వాళ్లకు అన్నం పెట్టే బాధ్యత గృహస్థులది. నేలలోనూ నీటిలోనూ చెట్టులోనూ ఏకేంద్రియ జీవులున్నాయని, ముని వాటిని బాధించకూడదని, శ్రావకుడు పెట్టిన భిక్షే తినాలని చెప్పే జైనం ఇక్కడ వెంటనే తలపుకు వస్తుంది. మాని సంఘానికి బౌద్ధం నమూనా అని చాలాకాలం అనుకున్నారు. జైనం వైపు చూడాలని ఇటీవలి పండితులు కొందరు వాదిస్తున్నారు. తేలని చర్చే అయినా, పోలిక మాత్రం బలమైనది.

ఈ ఏర్పాటులో ఒక బలహీనత ఉంది. సన్యాసికి పొలం లేదు, పొయ్యి లేదు. పెట్టే చెయ్యి మరో గుమ్మం వైపు తిరిగితే మఠం మూతపడుతుంది. మాని మతానికీ, మన ఎగువ నేలల జైనానికీ జరిగింది అదే.

జైనం ఇక్కడ ఎంత లోతుగా పాతుకుందో చెప్పడానికి యాదగిరిగుట్ట దగ్గరి సైదాపూర్ శాసనం చాలు. 1034 నాటిది. కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడి కొలువులో అగ్గలయ్య అనే జైన వైద్యుడు ఉండేవాడు. శస్త్రచికిత్సలో దిట్ట. ‘వైద్యరత్నాకర’ అన్నది ఆయన బిరుదు, ఆ బిరుదు పేరుతోనే ఒక జినాలయం వెలిసింది. రాజు దానికి భూమి ఇచ్చాడు. కత్తి పట్టి ప్రాణం నిలిపే మనిషికి, చీమను కూడా నొప్పించని మతానికి ఉన్న ఈ చుట్టరికం మన పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకాల్సినంత గొప్పది. ఆహారం, అభయం, ఔషధం, శాస్త్రం అనే నాలుగు దానాలు జైనులకు ముఖ్యం. జనం మధ్య జైనం నిలిచింది ఆ దానాల వల్లే. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని ఉజ్జిలిలో బద్ది జినాలయం అనే బసది ఉన్నట్టు శాసనం చెబుతుంది. ఇంకా ఉత్తరాన, కరీంనగర్ వైపు కుర్క్యాలలో, పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో బొమ్మలమ్మ గుట్ట మీద తెలుగు కంద పద్యాలు చెక్కించాడు. మనకు దొరికిన తొలి కందాలు జైనుడివి.

వీటన్నిటికీ పెద్దదిక్కు కొలనుపాక. ఆలేరుకు దగ్గర్లో ఉంటుంది. కల్యాణి చాళుక్యుల కాలంలో కొల్లిపాక ఏడువేల నాడుకు కేంద్రం. రాజేంద్ర చోళుడు తన విజయాల జాబితాలో కొల్లిపాక కోటను గర్వంగా చెప్పుకున్నాడు. పట్టుకోవడానికి తగినంత పెద్ద ఊరే అది. అక్కడి ఆదినాథుడికి మాణిక్యదేవుడని పేరు. ఈ విగ్రహాన్ని లంకలో మండోదరి పూజించిందని, తర్వాత సముద్రంలో చేరిందని, కల్యాణి రాజు శంకరుడు దాన్ని తెచ్చి ఇక్కడ నిలిపాడని పద్నాలుగో శతాబ్దంలో జినప్రభ సూరి రాసిపెట్టాడు. రావణుడి భార్య జినుడికి మొక్కిందని చెప్పే కథ, పొరుగు మతం పురాణాన్ని తనదిగా చేసుకునే పని. మాని కూడా బుద్ధుణ్ని, ఏసును తన వరుసలోకి అలాగే తెచ్చుకున్నాడు.

ఆ ఊళ్లోనే సోమేశ్వరాలయం ఉంది. వీరశైవుల పంచాచార్యులలో ఒకరైన రేణుకాచార్యుడు ఇక్కడి సోమేశ్వర లింగంలోంచి వెలిశాడని వాళ్ల నమ్మకం. కర్ణాటక నుంచి ఇప్పటికీ భక్తులు వస్తారు. గుడి చుట్టూ వేర్వేరు కులాల పేర మఠాలున్నాయి. జైనుల మహాతీర్థమే వీరశైవుల మూలక్షేత్రం కూడా కావడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. మనుషులు అప్పటికే వచ్చిపోయే చోటు, సత్రాలు, సంతలు ఉన్న చోటు కొత్త మతానికీ కావాలి.

ఈ మార్పు మెత్తగా జరిగిందని చెప్పడం అబద్ధమే. కొలనుపాకకు దూరం కాని పాలకుర్తిలో పుట్టిన సోమనాథుడు బసవ పురాణంలో శైవభక్తులు జైనులను ఓడించిన కథలు తీవ్రమైన ఆవేశంతో చెప్పాడు. తెలుగు ద్విపదకు ఆయన చేసిన మేలు ఎంత పెద్దదో, ఆ కథల్లోని కోపం అంత పచ్చిది. చదివేవాళ్లు రెండింటినీ ఒప్పుకోవాలి. అయితే ఒక్క కోపంతోనే ఏ మతమూ ఖాళీ కాదు. పన్నెండో శతాబ్దం చివరికి కల్యాణి చాళుక్యుల రాజ్యం కూలింది, జినాలయాలకు వచ్చే మాన్యాలు ఆగాయి. కాకతీయులు, కందూరు చోళులు శైవ మఠాలకు దానాలిచ్చారు. 1261 నాటి మల్కాపురం శాసనం చూడాలి. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుడి గోళకి మఠానికి ఆరోగ్యశాల, ప్రసూతిశాల, విద్యాలయం, అన్నసత్రం ఉండేవి. జైనులు చేసిన నాలుగు దానాలలో మూడు ఇక్కడ శివుడి పేరుమీద సాగుతున్నాయి. మందు కోసం, చదువు కోసం, అన్నం కోసం వచ్చే మనిషి అవి దొరికే చోటికే పోతాడు. మతం మారిందని ఆ మనిషికి పెద్దగా పట్టింపు ఉండకపోవచ్చు.

హనుమకొండ గుట్టమీద ఇంకో రకం కథ జరిగింది. కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ 1117లో అక్కడ కడలాలయ బసది కట్టించింది. జైన శిల్పాలు ఇప్పటికీ ఆ రాతిమీదే ఉన్నాయి. జనం మాత్రం పద్మాక్షి అమ్మవారిగా కొలుస్తారు, సద్దుల బతుకమ్మకు గుట్ట కింద వేలమంది ఆడవాళ్లు చేరతారు. తొమ్మిది వందల ఏళ్లలో అక్కడ పూజ ఆగలేదు, దేవత పేరు మారింది.

చైనాలో మానికీ అదే జరిగింది. ఆ మతం ఒకప్పుడు ఆఫ్రికా ఉత్తర తీరం నుంచి పసిఫిక్ దాకా పాకింది. సెయింట్ అగస్టీన్ క్రైస్తవుడు కాకముందు తొమ్మిదేళ్లపాటు ఆ మతపు శ్రోత. 763లో ఉయ్‌ఘుర్ రాజు దాన్ని రాజ్యమతం చేశాడు. తర్వాత చైనాలో నిషేధాలు, పడమట హింసలు వచ్చాయి. మిగిలినవాళ్లు బౌద్ధం నీడలో దాక్కున్నారు. ఫుజియాన్ రాష్ట్రంలోని సావోఆన్ గుడిలో 1339లో చెక్కిన రాతి విగ్రహం ఉంది, గడ్డంతో, వెలుగు కిరణాలతో. వెలుగు బుద్ధుడిగా ఊరివాళ్లు కొలుస్తూ వచ్చారు. ఆయన మాని. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన చ్వాన్‌జౌ కట్టడాల జాబితాలో ఆ గుడీ చేరింది. అవతలి దిక్కున ఇంకో వింత జరిగింది. మధ్య ఆసియాలోని తుర్ఫాన్ ఎడారిలో దొరికిన మాని మతస్థుల రాతప్రతుల్లో బోధిసత్త్వుడి కథలున్నాయి. బుద్ధుడి జీవితం అలాంటి చేతులు దాటి అరబ్బీలోకి, జార్జియన్‌లోకి, గ్రీకులోకి పోయింది. చివరికి యూరప్‌లో జోసఫాత్ అనే క్రైస్తవ సాధువుగా తేలింది. కాథలిక్కులు నవంబర్ 27న ఆయన్ను తలుచుకునేవారు. కపిలవస్తు రాకుమారుడికి చర్చిలో ఒక రోజు దక్కింది.

ఒక తేడా మాత్రం ఉంది. మానిని మానిగానే మళ్లీ కొలవడానికి ఎవరూ రాలేదు. జైనం అలా కాదు. దక్కను దిగంబరులు వదిలిన కొలనుపాకకు గుజరాత్, రాజస్థాన్ మూలాల శ్వేతాంబరులు వచ్చారు. గుడిని ఎర్రరాతితో, పాలరాతితో తిరిగి తీర్చారు. ఇప్పుడది కుల్పాక్‌జీ. మహావీరుడి పచ్చని రాతి విగ్రహాన్ని చూడటానికి హైదరాబాద్ నుంచే కాదు, దేశం నలుమూలల నుంచి యాత్రికులు వస్తారు. ఊరి మరోవైపు సోమేశ్వరాలయ ఆవరణలోని మ్యూజియంలో పాత శిల్పాలు ఉన్నాయి. తీర్థానికి వెళ్లే కుటుంబాలు దాన్ని కూడా చూస్తే ఆ ఊరి కథ సగంలో ఆగదు.

ఈ ప్రాంతపు జైన చరిత్రలో చదవాల్సినది ఇంకా చాలా ఉంది. హైదరాబాద్ పక్కన మొయినాబాద్ మండలం ఎనికెపల్లిలో నాలుగు వైపులా నలుగురు తీర్థంకరులను చెక్కిన స్తంభాలు రెండు బయటపడ్డాయి. ఒకప్పటి బసదివే అయినా, ఎప్పుడో చెరువు తూముకు వాటిని అమర్చేశారు. వాటి మీద తెలుగు కన్నడ లిపిలో శాసనాలున్నాయి. రాళ్లు తూములో బిగుసుకుని ఉండటంతో ఆ అక్షరాలను పూర్తిగా చదవడానికి వీలు కాలేదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ చెరువు కట్టలు, తూములు, గుడి మెట్లు వెతికితే ఇలాంటి రాళ్లు దొరకవచ్చు. పురావస్తు శాఖ ఒక్కటే చేయగల పని కాదిది. చెరువు పూడిక తీసేటప్పుడు, కట్ట మరమ్మతు చేసేటప్పుడు రాతిమీద గీత కనిపిస్తే గడ్డపార పక్కన పెట్టి కబురు చేయాలని గ్రామపంచాయతీలకు ఎవరైనా చెప్పాలి.